టవర్లను కలిపే ముందు రీడింగులు చూడు

తమ్మీ,

నల్లగొండ క్లాక్ టవర్ చుట్టూ ఉన్న మొబైల్ టవర్ సైట్లను కోఆర్డినేషన్‌లో (పక్క పక్క సెల్స్ కూడబలుక్కుని ఫోన్లకు సిగ్నల్ పంపే ఫీచర్) పెట్టే పని నీకు అప్పజెప్పిన్రని తెలిసింది. ఫీచర్ ఆన్ చేసే ముందు జర ఆగి, సెల్ (ఒక యాంటెన్నా సిగ్నల్ అందే జాగ) అంచున ఫోన్‌కు అసలు రోగమేందో చూడు. ఆర్‌ఎస్‌ఆర్‌పీ (అందే సిగ్నల్ బలం) మైనస్ 85 డీబీఎం ఉండి ఎస్‌ఐఎన్‌ఆర్ (గోలతో పోలిస్తే సిగ్నల్ ఎంతుందనే లెక్క) సున్నా దగ్గరే ఉంటే అది పక్క సెల్ గోల, కలిపితే తగ్గుతది. ఆర్‌ఎస్‌ఆర్‌పీయే మైనస్ 122 ఉంటే అక్కడ సిగ్నలే లేదు. దేవరకొండ దిక్కు టవర్లు దూరం దూరం ఉన్న పల్లెల్లో ఈ ఫీచర్ పెడితే పైసలు దండుగ, అక్కడ కావలసింది కొత్త సైటో తక్కువ ఫ్రీక్వెన్సీ బ్యాండో.

గోలే అని తేలితే ముందు యాంటెన్నా వంపు (టిల్ట్) సరిచెయ్యి. ఎత్తు బిల్డింగు మీది యాంటెన్నా నాలుగు వీధులు దాటి కొడుతుంటే, రెండు డిగ్రీలు వంచితేనే సగం పని అయిపోవచ్చు. ఆ తర్వాత ఒకే టవర్ మీది మూడు సెక్టార్లతో (తలా ఒక దిక్కు చూసే సెల్స్) మొదలుపెట్టు. బేస్‌బ్యాండ్ (సిగ్నల్‌ను తయారుచేసే పెట్టె) ఒకటే కాబట్టి లింకు ఆలస్యం ఉండదు.

వేరే టవర్లను కలిపి ఒకే డేటా పంపించాలంటే లెక్క మారుతది. రెండు సెల్స్ సమానంగా వినబడే చోట పవర్ 3 డీబీ పెరుగుతది (రెండింతలన్నట్టు), ఫేజులు (అలల ఎత్తుపల్లాలు) కూడా కలిస్తే 6. కానీ ఆ ఒక్క ఫోన్ కోసం రెండు సెల్స్‌లోనూ రిసోర్స్ బ్లాకులు (ఫోన్లకు పంచే టైము, ఫ్రీక్వెన్సీ ముక్కలు) ఖర్చయితయి. అందుకే రెండు సెల్స్ ఆర్‌ఎస్‌ఆర్‌పీ తేడా 3 డీబీ లోపు ఉన్న ఫోన్లకే ఇయ్యి. ఆ హద్దు 10 డీబీ పెట్టినవంటే బిజీ అవర్‌లో టవర్ కింద ఉన్నోళ్ల స్పీడ్ పడిపోయి కంప్లయింట్లు మొదలైతయి.

ఫేజు కలపడం అంత అల్కగ కాదు. స్టాండర్డ్ ఒప్పుకునే ఫ్రీక్వెన్సీ తేడా 0.05 పీపీఎం (పది లక్షల్లో 0.05 వంతు), 1800 మెగాహెర్ట్జ్ మీద 90 హెర్ట్జ్. ఒక టవర్ పైకి, ఇంకోటి కిందికి జరిగితే 180. అంటే ఐదున్నర మిల్లీసెకన్లలో ఫేజ్ పూర్తిగా ఒక చుట్టు తిరుగుతది. ఫోన్ నుంచి ఛానల్ (టవర్ నుంచి ఫోన్ దాకా సిగ్నల్ వచ్చే దారి) రిపోర్టు 5 లేదా 10 మిల్లీసెకన్లకోసారి వస్తుంటే, చేతికందేసరికే అది పాతది. అన్ని సైట్లూ జీపీఎస్ టైముకు లాక్ అయి ఉండాలనేది ఇందుకే. రెండో టవర్ సిగ్నల్ కూడా మొదటిదాని తర్వాత 4.7 మైక్రోసెకన్ల లోపే రావాలి. గాలిలో అది 1.4 కిలోమీటర్ల దారి తేడా, అందులోనే ప్రతిధ్వనులూ సర్దుకోవాలి.

నార్కట్‌పల్లి హైవే మీద 80 స్పీడుతో పోయే కారుకు ఛానల్ సుమారు 3 మిల్లీసెకన్లలోనే మారిపోతది. అక్కడ జాయింట్ ట్రాన్స్‌మిషన్ (రెండు టవర్లు ఒకే డేటా పంపడం) జోలికి పోకు, షెడ్యూలింగ్ కోఆర్డినేషన్ (ఏ సెల్ ఎప్పుడు పంపాలో ముందే మాట్లాడుకోవడం) చాలు. తీగ లేకుండా టవర్లను కలిపే మైక్రోవేవ్ లింకుల మీద నడిచే సైట్లకూ అదే మాట. ఫైబర్ ఉంటే కిలోమీటరుకు 5 మైక్రోసెకన్ల ఆలస్యం లెక్కేసుకో.

క్లస్టర్‌ను (కలిపి నడిపే సైట్ల గుంపు) మూడు సైట్లు దాటి పెంచమని ఎవరన్నా అంటే తొందరపడకు. బయటి సెల్స్ గోల ఎట్లాగూ మిగులుతది, పైలట్లూ (ఛానల్ కొలిచేందుకు పంపే సిగ్నళ్లు) రిపోర్టులూ మాత్రం పెరుగుతయి.

టెస్టు రాత్రి 8 గంటలకు చెయ్యి. అర్ధరాత్రి పక్క సెల్స్ ఖాళీగుంటయి, ఫీచర్ లేకపోయినా రీడింగ్ మంచిగనే కనబడుతది. ఒకే టైముకు ఒక రోజు ఆన్, ఒక రోజు ఆఫ్ పెట్టి, యావరేజ్ కాకుండా అట్టడుగు 5 శాతం ఫోన్ల స్పీడ్ పోల్చు. లాభం మాయమైన సైటులో ముందు జీపీఎస్ అలారం లాగ్ తియ్యి. వానాకాలం జీపీఎస్ కనెక్టర్ టేపు ఊడి కేబుల్లోకి నీళ్లు దిగితే లాక్ పోయి, క్లాక్ మెల్లగా జరుగుతుంటది.