ఆన్‌లైన్ వేలం సైటు ఈబేకి సొంత పేమెంట్ సర్వీస్ ఉన్నా, అక్కడి అమ్మకందారులు బయటి పేమెంట్ సర్వీస్ అయిన పేపాల్ వైపే ఎందుకు వెళ్లారు?

ముఖ్య కారణం, పేపాల్ ముందుగా అమ్మేవాళ్ల ఇబ్బందిని పట్టించుకుంది. 1999 నాటికి అమెరికాలో ఇంట్లోంచి పాత బొమ్మలో, నాణేలో వేలానికి పెట్టేవాళ్లకు క్రెడిట్ కార్డు తీసుకునే దారి దాదాపు లేదు. కొన్నవాళ్లు పోస్టులో చెక్కు పంపాలి, అది చేరి, డబ్బు జమయ్యాకే సరుకు కదిలేది.

ఆ ఏడాదే ఈబే తన సొంత పేమెంట్ సర్వీస్ కోసం బిల్‌పాయింట్ అనే సంస్థను కొన్నది. కానీ దాన్ని అందరికీ అందించేలోపే పేపాల్ దూసుకొచ్చింది. కొత్తగా చేరితే 10 డాలర్లు, మరొకరిని చేర్పిస్తే ఇంకో 10! అంతకన్నా గట్టి ఎత్తు లోగోది. అమ్మేవాళ్లు తమ వేలం పేజీలో పేపాల్ గుర్తు పెట్టేవారు. గెలిచినవాళ్లు డబ్బు కట్టడానికి ఖాతా తెరిచేవారు. రేపు వాళ్లే ఏదైనా అమ్మితే అదే గుర్తు పెట్టేవారు. ఈ గొలుసును తెంచడం సైటు యజమాని ఈబే వల్ల కూడా కాలేదు. యాహూ పేడైరెక్ట్, సిటీబ్యాంక్ సీ2ఇట్ అనే పేమెంట్ సర్వీసులు కూడా బరిలోకి దిగాయి కానీ, నా దృష్టిలో అసలు పోరు పేపాల్, బిల్‌పాయింట్‌లదే.

చివరికి 2002లో ఈబే సుమారు 150 కోట్ల డాలర్ల విలువైన షేర్లిచ్చి పేపాల్‌నే కొనేసి, బిల్‌పాయింట్‌ను మూసేసింది.