చెవికి ఒక వేళ, కంటికి ఒక వేళ

మల్లేశ్వరం,
బెంగళూరు

చి. సౌ. మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

నిమ్హాన్స్‌ ఆసుపత్రిలో పరీక్షలు పూర్తయి, బాబుకు డిస్లెక్సియా ఉన్నట్లు రాసి ఇచ్చారని నీవు చెప్పినప్పుడు నీ గొంతులో దిగులు కన్నా తొందరే ఎక్కువగా వినిపించింది. ఆ రాత్రే ట్యాబ్‌లో పదకొండు యాప్‌లు వేశావని తెలిసి ఈ ఉత్తరం రాస్తున్నాను. వాటిలో రెండు మూడు ఉంచి తక్కినవి తీసివేయి. ఏవి ఉంచాలన్నది ఏ పనికి ఉంచాలన్న దానిని బట్టి తేలుతుంది.

ఈ ఇబ్బంది కంటిచూపుది కాదు, తెలివికి సంబంధించినది అసలే కాదు. అక్షరాన్ని దాని ధ్వనితో జతపరచడంలో ఉన్న చిక్కు ఇది. అందువల్ల రంగు అద్దాలకు, ప్రత్యేకమైన ఫాంట్లు గల ఖరీదైన ప్యాకేజీలకు డబ్బు పోయకు. మా అబ్బాయి విషయంలో నేను పోసి, చెంపలు వేసుకున్నాను. అక్షరాలను పెద్దవి చేసి, వాటి మధ్యా వరుసల మధ్యా ఎడం పెంచితే మాత్రం చాలామంది పిల్లలకు కొంత సులువవుతుంది. దానికి పైసా ఖర్చు లేదు.

ఇక అసలు సంగతి. చదవడం నేర్చుకునే వేళ వేరు, చదివి విషయం తెలుసుకునే వేళ వేరు. యంత్రం రెండింటికీ పనికివస్తుంది గానీ, రెండింటినీ కలిపితే రెండూ చెడతాయి. ఇది నేను అనుభవంతో తెలుసుకున్నాను. మావాడు మూడో తరగతిలో ఉన్నప్పుడు పాఠాలన్నీ టేప్‌రికార్డరులో చదివి పెట్టేదాన్ని. వాడు క్యాసెట్ వింటూ, పుస్తకంలో వేలు పెట్టి, గడగడా చదివేవాడు. నెల రోజులు మురిసిపోయాక ఒకనాడు పేజీ మీద అరచేయి అడ్డం పెట్టాను. వాడు ఆగకుండా చదువుతూనే ఉన్నాడు. అంతా బట్టీ! వేలు కదిలింది తప్ప కన్ను ఒక్క అక్షరాన్నీ పట్టుకోలేదు.

కాబట్టి నేర్చుకునే వేళకు రోజుకు ఇరవై నిమిషాలు పెట్టు, పక్కన నీవు గానీ అల్లుడుగారు గానీ తప్పక కూర్చోండి. మన బెంగళూరులోనే పుట్టిన ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌ అనే కథల వెబ్‌సైటులో పాఠం వినిపిస్తూ మాటలకు రంగు వేసి చూపే కథలున్నాయి. ముందు ఒక పేజీ వినిపించు, తరువాత గొంతు కలిపి చదివించు, చివరికి ధ్వని ఆపి వాడిచేత ఒంటరిగా చదివించు. ఆ మూడో విడతలో పేజీ చివరి నుంచి మొదటికి వస్తూ అక్కడక్కడా ఒక్కొక్క మాట చూపించి అడుగు. బట్టీ ఉంటే అక్కడ బయటపడుతుంది. పిల్లవాడు చదువుతుంటే విని తప్పులు దిద్దే గూగుల్ రీడ్ అలాంగ్ వంటి యాప్‌లు కూడా మంచివే, అయితే వాడు సరిగ్గా పలికినా యంత్రం ఒక్కోసారి తప్పు వింటుంది. అప్పుడు తప్పు దానిదేనని వాడికి వెంటనే చెప్పాలి, లేకపోతే ఉన్న కాస్త ధైర్యం కూడా పోతుంది.

మన ఊరి పిల్లలకు మరొక చిక్కుంది. ఇంగ్లీషులో 'బట్', 'పుట్' అనే మాటల్లో ఒకే అక్షరం రెండు ధ్వనులు పలుకుతుంది. బడిలో నేర్పే కన్నడం, ఇంట్లో నీవు నేర్పుతున్న తెలుగు పలికినట్లే రాసే భాషలైనా, రెండు లిపుల అక్షరాలూ తలకట్టు తేడాతో అన్నదమ్ముల్లా కనిపిస్తాయి. పైగా మన ప, వ, మ, య లనే విడదీయలేక వాడు తడబడుతున్నాడు గదా. నా మాట వింటే, కన్నడ గుణింతాలు కుదిరేదాకా తెలుగు రాతను పక్కన పెట్టి, తెలుగు కథలను చెవితోనే అందించు. మీ అత్తగారు నొచ్చుకుంటారేమో, నేను మాట్లాడతాను.

విషయం తెలుసుకునే వేళకు మాత్రం మొహమాటం వద్దు. సైన్సు, సోషల్ పాఠాలను ఫోనుతో ఫోటో తీసి, ఫోటోలోని అక్షరాలను చదివిపెట్టే గూగుల్ లెన్స్‌తో వినిపించు. వర్డ్‌లో ఉన్న పాఠమైతే అందులోనే ఉండే ఇమ్మర్సివ్ రీడర్‌ అనే చదివి వినిపించే సదుపాయంలో ఒక్కొక్క వరుస మాత్రమే కనిపించేలా పెట్టి వినిపించు. రెండు నిలువు వరుసల పేజీని యంత్రం కలగలిపి చదవవచ్చు, లెక్కల గుర్తులను తరచు పాడుచేస్తుంది, కనుక ముందు నీవొకసారి విను. వినడం వల్ల సోమరి అవుతాడని ఎవరన్నా పట్టించుకోకు. అక్షరం కుదిరేదాకా ఆగితే వాడి బుర్రకు తగిన పాఠం రెండు మూడేళ్లు ఆలస్యమవుతుంది.

కాగితాలు భద్రపరచు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఈ ఇబ్బందికి చోటుంది. సీబీఎస్ఈ పదో తరగతిలో మూడు గంటల పేపరుకు 60 నిమిషాలు అదనంగా ఇస్తారు, వైద్యుల సిఫారసు ఉంటే కంప్యూటరు మీద రాయనిస్తారు. అప్పటికప్పుడు కీబోర్డు చేతికి రాదు గనుక ఐదో తరగతి నుంచే టైపింగ్ మొదలుపెట్టించు.

వచ్చే ఆదివారం ట్యాబ్, సోషల్ పుస్తకం, మంచి హెడ్‌ఫోన్ తీసుకుని బాబుతో రా. మొదటి పాఠం ఇక్కడే ఫోటోలు తీద్దాం. టేప్‌రికార్డరు ఇంకా అటక మీదే ఉంది, వాడికి చూపిస్తాను.

ఇట్లు,
మీ అత్తయ్య