గుంతకల్లుకు నూరేళ్లా?

ప్రశ్న: మా ఊరికి రైలొచ్చి నూరేళ్లయిందని ఉత్సవం చేద్దామంటున్నారు. సావనీరులో ఏం రాయమంటారు?
– ఒక పాఠకుడు, గుంతకల్లు

జవాబు: లెక్క తప్పింది నాయనా! మీ ఊరి మీదుగా వెళ్లే మద్రాసు లైను రాయచూరు దగ్గర బొంబాయి లైనుతో కలిసింది 1871లో. నూరేళ్లు 1971కే నిండిపోయాయి. అయినా చేసుకోండి, పండక్కి లెక్కలేం! 1956లో గుంతకల్లు రైల్వే డివిజను ఏర్పడిన సంగతికి ఒక్క వాక్యం చాలు.

మా నాయన రైలింజనులో బొగ్గు వేసే ఫైర్‌మన్. అర్ధరాత్రి డ్యూటీకి పిలిచే కాల్‌బాయ్ లాంతరుతో వచ్చి తలుపు తట్టి, పుస్తకంలో సంతకం పెట్టించుకునేదాకా కదిలేవాడు కాదు. అమ్మ కళ్లు నులుముకుంటూనే జొన్నరొట్టె, ఊరిబిండి క్యారియర్‌లో సర్దేది. ఆయన చొక్కా ఎన్నిసార్లు ఉతికినా బొగ్గువాసన పోయేది కాదు. ఇలాంటివి రాయించండి. నాయకుల ఫొటోలు తగ్గించండి. మీటరుగేజి బండి కోసం మూటలు నెత్తినపెట్టుకుని పరుగెత్తినవాళ్లు ఇంకా ఉన్నారు, ముందు వాళ్లిళ్లకు వెళ్లండి.