మెల్టన్ మోబ్రే గుర్రాల చిత్రకారుడు, ఆయన పిల్లలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నేను లెస్టర్‌లో చదువుకుంటున్నాను. ఈమధ్య పక్కనే ఉన్న మెల్టన్ మోబ్రేకి వెళ్ళినప్పుడు అక్కడి మ్యూజియంలో జాన్ ఫెర్న్‌లీ వేసిన గుర్రాల బొమ్మలు చూశాను. ఆ ఊళ్ళో ఒక కాలేజీకి కూడా ఆయన పేరే పెట్టారు. బండి చక్రాలు చేసేవాళ్ళ అబ్బాయి అని ఎవరో చెప్పారు. అసలు ఎవరండీ ఈయన? ఆ ఇంట్లో ఇంకెవరైనా బొమ్మలు వేసేవాళ్ళా? (ఒక పాఠకురాలు, లెస్టర్, ఇంగ్లండ్)

జవాబు: మంచి ప్రశ్న అడిగారు, ముఖ్యంగా ఆ రెండోది. ఫెర్న్‌లీ గురించి రాసేవాళ్ళు చాలామంది ఆయన ఒక్కడి దగ్గరే ఆగిపోతారు గానీ, నా దృష్టిలో ఆయన్ని ఇంటిల్లిపాదితో కలిపి చూస్తేనే సరిగ్గా అర్థమవుతాడు.

మీకు చెప్పింది నిజమే. జాన్ ఫెర్న్‌లీ 1782లో లెస్టర్‌షైర్‌లోనే త్రసింగ్‌టన్ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి బండ్లకి చక్రాలు చేసే వడ్రంగి. జాన్ కూడా చిన్నప్పుడే ఆ పనిలో దిగాడు, కొడుకు తండ్రి దగ్గర పని నేర్చుకోవడం అక్కడ కూడా మామూలే. బండి తయారయ్యాక ముందు పలక మీద రంగులు వెయ్యడం కూడా ఆ పనిలో భాగమే కదా, ఆ పలకల మీద ఈ కుర్రాడు బొమ్మలు వేసేవాడట. అవి రట్లండ్ డ్యూక్ కంట పడ్డాయనీ, ఆయనే తండ్రికి నచ్చజెప్పి కుర్రాణ్ణి లండన్ పంపించాడనీ చెప్తారు. ఆ డ్యూక్ ఏమీ ముసలాయన కాదు, 1778లో పుట్టాడు, ఫెర్న్‌లీ కంటే నాలుగేళ్ళే పెద్ద. వేటంటే పిచ్చి ఉన్న కుర్ర జమీందారుకి గుర్రాన్ని గుర్రంలా గీయగలిగినవాడు కనపడితే ఎందుకు వదులుకుంటాడు?

1801లో లండన్‌లో చేరింది బెన్ మార్షల్ దగ్గర. ఇక్కడ నాకు చాలా ఇష్టమైన విషయం ఒకటుంది. మార్షల్ లండన్‌లో పేరున్న చిత్రకారుడే గానీ పుట్టింది సీగ్రేవ్‌లో, అది త్రసింగ్‌టన్‌కి కాస్త దూరంలో ఉన్న పల్లె. అంటే అంత దూరం వెళ్ళిన కుర్రాడికి దొరికిన గురువు తన ప్రాంతం వాడే, అవే పొలాలు, అవే కంచెలు చూస్తూ పెరిగినవాడు. ఈ మార్షలే తర్వాత 1812లో గుర్రప్పందేల ఊరు న్యూమార్కెట్‌కి మకాం మార్చేశాడు. ఎందుకంటే, భార్య బొమ్మకి పది గినీలు (గినీ అంటే అక్కడి పాత బంగారు నాణెం) ఇవ్వాలంటే ఎక్కువ అనుకునే మగాళ్ళు గుర్రం బొమ్మకి యాభై గినీలు ఇస్తున్నారని ఆయనే చెప్పినట్టు ప్రసిద్ధి. ఆ కాలంలో ఈ వృత్తి ఎలా నడిచేదో ఆ ఒక్క మాటలో ఉంది.

ఫెర్న్‌లీ లండన్‌లోని పేరున్న చిత్రకారుల సంస్థ రాయల్ అకాడమీ బడిలో కూడా చదువుకున్నాడు, ఐర్లండ్ వెళ్ళి కొన్నేళ్ళు అక్కడి పెద్దల గుర్రాలు, కుక్కలు గీశాడు, 1809లో సారా కెటిల్‌ని పెళ్ళి చేసుకున్నాడు. 1814లో మెల్టన్ మోబ్రేలో స్థిరపడిపోయాడు. ఇది చాలా తెలివైన పని. క్వార్న్, బీవర్, కాట్స్‌మోర్ అనే మూడు పేరున్న నక్కల వేట బృందాల హద్దులు ఆ చిన్న ఊరి దగ్గరే కలుస్తాయి, చలికాలం వస్తే దేశంలో డబ్బూ గుర్రాలూ ఉన్నవాళ్ళంతా అక్కడే మకాం. లండన్‌లో ఉన్న చిత్రకారుడు ఖాతాదార్ల కోసం ఎదురు చూడాలి, ఈయనకి వాళ్ళే గుర్రమెక్కి ఇంటికి వచ్చేవాళ్ళు. లండన్ సోకుకి మారుపేరైన బో బ్రమెల్ కూడా ఆయన ఖాతాదారే. ఫ్రాన్సిస్ గ్రాంట్ అని స్కాట్లండ్ భూస్వామి కొడుకు ఒకడు వేటకని మెల్టన్ వచ్చి ఈయన దగ్గర కుంచె పట్టడం నేర్చుకున్నాడు, ఆ శిష్యుడు 1866లో ఏకంగా రాయల్ అకాడమీ అధ్యక్షుడయ్యాడు. గురువు మాత్రం మెల్టన్ వదల్లేదు, 1860లో పోయాక సొంత పల్లె త్రసింగ్‌టన్ చర్చి ఆవరణలోనే సమాధి చేశారు.

ఇక ఇంట్లో ఇంకెవరైనా అని అడిగారు కదా. పిల్లల్లో ముగ్గురు చిత్రకారులయ్యారు: జాన్, క్లాడ్ లొరేన్, సారా. కొడుకు జాన్‌కి తండ్రి పేరు, కూతురికి తల్లి పేరు. 1822లో పుట్టిన క్లాడ్‌కి మాత్రం పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి ప్రకృతి చిత్రకారుడి పేరు పెట్టారు. వడ్రంగి కొడుకు తన కొడుక్కి అలాంటి పేరు పెట్టాడంటే ఆ తండ్రి మనసులో ఎంత ఆశ ఉందో ఆలోచించండి! క్లాడ్ కూడా చివరికి గుర్రాల బొమ్మలతోనే బతికాడు, 1891 దాకా. చిన్న జాన్ ఉత్తరాన ఉన్న యార్క్ నగరం వెళ్ళి అక్కడి వేటగాళ్ళకీ సైనికాధికారులకీ బొమ్మలు వేశాడు, తండ్రి పోయిన రెండేళ్ళకే, 1862లో తనూ పోయాడు. సారా గురించే అందరికంటే తక్కువ రాశారు. అదే నాకు బాధ. మగపిల్లలు అదే ఇంట్లో అదే తండ్రి దగ్గర నేర్చుకుంటే 'వంశ సంప్రదాయం' అవుతుంది, ఆడపిల్ల నేర్చుకుంటే ఒక వాక్యంలో తేల్చేస్తారు. మళ్ళీ ఆ మ్యూజియంకి వెళ్తే ఆమె గురించి అక్కడివాళ్ళని అడగండి. ఎవరూ అడక్కపోతే ఎవరూ వెతకరు.

ప్రశ్న: ఇలాంటి పాత బొమ్మల మీద తండ్రి సంతకమా, కొడుకు సంతకమా ఎలా తెలుస్తుంది? ఒకే పేరైతే మరీ గందరగోళం కదా. అయినా పల్లెటూరి వడ్రంగి కుటుంబం వివరాలు ఇన్నేళ్ళ తర్వాత ఎక్కడ దొరుకుతాయి? (ఒక పాఠకుడు, విజయనగరం)

జవాబు: గందరగోళమే, అది కొన్నిచోట్ల కావాలని చేసింది కూడా. ఫెర్న్‌లీ ఇంట్లో కొంత నయం. తండ్రి సాధారణంగా పేరు కింద మెల్టన్ మోబ్రే అనీ, సంవత్సరమూ వేసేవాడు, కొడుకు బొమ్మల్లో కొన్నిటి మీద జూనియర్ అనీ యార్క్ అనీ ఉంటుంది. హెరింగ్ కుటుంబంలో ఇది ముదిరింది. జాన్ ఫ్రెడరిక్ హెరింగ్ అని, మొదట్లో గుర్రబ్బండి తోలుతూ బొమ్మలు వేసి పైకొచ్చిన మనిషి, 1795లో పుట్టాడు. అదే పేరున్న కొడుకు అచ్చం తనలాగే వేసి అమ్మడం మొదలుపెట్టేసరికి తండ్రే తన సంతకం పక్కన సీనియర్ అని చేర్చుకోవాల్సి వచ్చింది. ఆల్కెన్ కుటుంబంలో ఇంకా దారుణం. హెన్రీ ఆల్కెన్ వేట బొమ్మలు అచ్చుల్లో దేశమంతా అమ్ముడుపోతుంటే, శామ్యూల్ హెన్రీ అనే కొడుకు తన పూర్తి పేరు వదిలేసి తండ్రిలా హెచ్ ఆల్కెన్ అని సంతకం పెట్టాడు. ఇప్పటికీ వేలంపాటల్లో ఆ తగువు నడుస్తూనే ఉంటుంది. అందుకే కుటుంబ చరిత్ర అంటే ఏదో కాలక్షేపం కాదు, ఎవరు ఏ ఏడు ఏ ఊళ్ళో ఉన్నారో తేలకపోతే బొమ్మ ఎవరిదో తేలదు.

రెండో సంగతి. ఇంగ్లండ్‌లో 1538 నుంచి చర్చిల్లో బాప్టిజం, పెళ్ళి, సమాధి వివరాలు రాయమని ఆజ్ఞ ఉంది, అన్ని పల్లెల్లో అంత పాత పుస్తకాలు మిగల్లేదు గానీ 1780ల నాటివి చాలావరకు ఉన్నాయి. 1837 జూలై నుంచి ప్రభుత్వమే జనన మరణాలు నమోదు చేస్తోంది. 1841 నుంచి జనాభా లెక్కల్లో ఇంటింటి పేర్లూ ఉన్నాయి, 1851 లెక్కల్లోనైతే ఎవరు ఎవరికి ఏమవుతారో, ఏ ఊళ్ళో పుట్టారో కూడా రాశారు. లెస్టర్‌షైర్ పాత రికార్డుల ఆఫీసు విగ్‌స్టన్‌లో ఉంటుంది.

ఒక చిక్కుంది, ఇది తెలుసుకోకుండా వెతికితే మోసపోతారు. 1710 నుంచి దాదాపు వందేళ్ళ పాటు, గురువుకి డబ్బు కట్టి పనిలో చేరితే ఆ డబ్బు మీద పన్ను ఉండేది, దాని లెక్కల పుస్తకాల్లో శిష్యుల పేర్లు దొరుకుతాయి. కానీ కొడుకు తండ్రి దగ్గర నేర్చుకుంటే డబ్బు చేతులు మారదు, పన్నూ లేదు, పేరూ లేదు. అంటే తరతరాలుగా ఇంట్లో నడిచిన పనికే కాగితం తక్కువ. ఆడవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు, జనాభా లెక్కలు రాసేవాళ్ళు ఇంట్లో పనిచేసే భార్యలకీ కూతుళ్ళకీ వృత్తి గడి తరచూ ఖాళీగా వదిలేసేవాళ్ళు. ఆ గడి ఖాళీగా ఉందంటే ఆమె ఏ పనీ చెయ్యలేదని కాదు. ఫెర్న్‌లీ విషయంలో మన అదృష్టం ఏమిటంటే ఆయన జమాఖర్చుల పుస్తకాలు మిగిలాయి, ఎవరి గుర్రం, ఎంత డబ్బు అన్నీ. మీ ఇంట్లో తాతల నాటి చిట్టా పుస్తకాలుంటే దయచేసి పాత కాగితాలవాడికి వెయ్యకండి, నిజంగా చెప్తున్నాను.

ప్రశ్న: కుక్కల్ని ఉసిగొల్పి నక్కని చంపే ఆటని గొప్పగా గీసిన బొమ్మల్ని మనం మెచ్చుకోవడం ఏమిటి? (ఒక పాఠకురాలు, ఖమ్మం)

జవాబు: మీ కోపం న్యాయమైనదే. కుక్కలతో నక్కల్ని వేటాడ్డం ఇంగ్లండ్, వేల్స్‌లో 2004 చట్టంతో నిషేధించారు, 2005 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది, అది అక్కడివాళ్ళే పోరాడి తెచ్చుకున్నది. నేను కూడా ఆ ఆటని సమర్థించను. కానీ ఫెర్న్‌లీ గుర్రాల్ని చూడండి. ఖరీదైన గుర్రం పక్కన దాన్ని పట్టుకుని నిలబడ్డ పనివాడు చాలా బొమ్మల్లో ఉంటాడు, ఆ మొహం కూడా శ్రద్ధగా గీశాడు. అలాంటి పనివాళ్ళ ఇళ్ళ మధ్య పుట్టినవాడే కదా ఆయన. నేను మెచ్చుకునేది ఆ శ్రద్ధని, వేటని కాదు. మీకు ఆ బొమ్మ చూడబుద్ధి కాకపోతే అది మీ ఇష్టం, అందులో తప్పేమీ లేదు.