పదికి పది బడి కోసం అప్పు చేసి అద్దె కట్టాలా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. డాలస్ శివార్లకు వచ్చి నెల కూడా కాలేదు. పాప ఒకటో తరగతిలో చేరాలి. పదికి పది రేటింగ్ ఉన్న బడి పరిధిలోనే ఇల్లు తీసుకోమని అందరూ అంటున్నారు. అక్కడి అద్దె మా శక్తికి మించినది. పదికి ఆరు వచ్చిన బడి దగ్గర ఇల్లు చవక. ఏం చేయమంటారు?

జవాబు: ఆరు వచ్చిన బడిని ఒకసారి చూసి రండమ్మా. నచ్చితే ఆ ఇల్లే తీసుకోండి.

ఇళ్ల వెబ్‌సైట్లలో కనిపించే ఆ అంకె చాలావరకు పిల్లల పరీక్ష మార్కులను బట్టి వేసేది. తల్లిదండ్రుల చదువు, కొనిపెట్టిన ట్యూషన్లు, ఇంట్లో ఉన్న తీరిక అన్నీ అందులో కలిసే ఉంటాయి. టీచరు వాటా ఎంతో ఆ అంకె చెప్పదు. కడపలో కార్పొరేట్ కాలేజీల ర్యాంకుల హోర్డింగులు చూస్తూ పెరిగినవారికి ఇది కొత్త సంగతి కాదు.

మా అనంతపురం జిల్లాలో 1972లో కొడిగెనహళ్లి గురుకులం వచ్చింది. సీటు దొరికిన పల్లె పిల్లల బతుకులే మారిపోయాయి. దొరకనివారు ఊరి బడితోనే సరిపెట్టుకున్నారు. అక్కడ ప్రవేశ పరీక్ష పిల్లలు రాసేవారు. ఇక్కడ ఇల్లు ఏ ప్రభుత్వ బడి పరిధిలో ఉంటే పిల్లలు ఆ బడికే వెళ్లాలి కాబట్టి పరీక్ష తల్లిదండ్రులు రాస్తారు, ఇంటి అద్దె రూపంలో.

బడులకు వచ్చే డబ్బులో పెద్ద భాగం స్థానిక ఆస్తి పన్నే కావడం వల్ల బడికీ బడికీ మధ్య తేడా పుట్టింది. దీని మీద పెద్ద వ్యాజ్యం నడిచింది మీరున్న టెక్సాస్ రాష్ట్రంలోనే. శాన్ ఆంటోనియోలో ఎడ్జ్‌వుడ్ అనే పేద మెక్సికన్ అమెరికన్ల స్కూలు డిస్ట్రిక్ట్ (ఒక ప్రాంతంలో పన్ను వసూలు చేసి బడులు నడిపే స్థానిక సంస్థ) ఉంది. అక్కడివారు 1960ల చివర్లో ప్రతి 100 డాలర్ల ఆస్తికి 1.05 డాలర్ల పన్ను కట్టేవారు. అదే నగరంలోని సంపన్నుల ఆలమో హైట్స్‌లో పన్ను 85 సెంట్లే. అయినా స్థానిక పన్ను నుంచి ఒక్కో పిల్లవాడికి అదనంగా మిగిలింది ఎడ్జ్‌వుడ్‌లో 26 డాలర్లు, ఆలమో హైట్స్‌లో 333. ఎక్కువ రేటు కట్టినవారికే తక్కువ దక్కిందన్నమాట! 1973లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో, ఇది రాజ్యాంగ విరుద్ధం కాదని తేల్చింది. తర్వాత రాష్ట్ర కోర్టు తప్పుపట్టడంతో, ధనిక డిస్ట్రిక్టుల పన్నులో కొంత తీసి పంచే చట్టం 1993లో వచ్చింది. తేడా తగ్గింది గాని పోలేదు.

ఇప్పుడు మీకు పనికొచ్చే మాట. రాష్ట్ర విద్యాశాఖ ప్రతి బడికీ ఏ నుంచి ఎఫ్ వరకు గ్రేడు ఇస్తుంది. మొత్తం గ్రేడు వదిలేసి, 'స్కూల్ ప్రోగ్రెస్' అన్న భాగం చూడండి. పిల్లలు ఏడాదిలో ఎంత ముందుకు వెళ్లారో, అంతే పేదరికం ఉన్న ఇతర బడులతో పోలిస్తే ఈ బడి ఎలా ఉందో అందులో తెలుస్తుంది. నా లెక్కలో టీచర్ల పనితనం కనిపించేది అక్కడే.

ఇంకొకటి మనవాళ్లు పట్టించుకోరు. 1997 చట్టం ప్రకారం ఇక్కడ ఏ ప్రభుత్వ హైస్కూల్లోనైనా మొదటి 10 శాతంలో నిలిచిన విద్యార్థికి రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ప్రవేశం ఖాయం. ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్ మాత్రం ఇంకా పై వరుసనే తీసుకుంటుంది. పోలిక ఆ బడి పిల్లలతోనే. అందరూ కోచింగ్ పిల్లలే ఉన్న బడిలో ఆ 10 శాతంలోకి రావడం ఎంత కష్టమో ఊహించుకోండి.

"ఆ బడిలో వలస అనుమతి కాగితాలు లేనివాళ్ల పిల్లలు ఎక్కువ" అని మీ చెవిన వేసేవారూ ఉంటారు. నాకు ఒళ్లు మండే మాట అది. పొట్టకూటికి వలసపోవడం మనకు తెలియనిదా? ఆదోని, కోసిగి వైపు నుంచి కుటుంబాలు గుంటూరు మిరప తోటలకు వలసపోతే హాజరు పట్టీలో పేరు మిగులుతుంది, పిల్లవాడు మిగలడు. ఇక్కడ మాత్రం 1982లో సుప్రీంకోర్టు, కాగితాలు ఉన్నా లేకున్నా పిల్లలను బడిలో చేర్చుకోవాలని చెప్పింది. ఆ కేసూ టెక్సాస్‌దే. చాలా బడుల్లో భోజనాల గదిలో ప్రతి పిల్లా మీటలున్న చిన్న యంత్రం మీద తన నంబరు నొక్కి పళ్లెం తీసుకుంటుంది; ఎవరిది ఉచితమో, ఎవరిది డబ్బు కట్టినదో పక్కనున్న పిల్లకు తెలియదు. ఈ ఏర్పాటు నాకు చాలా ఇష్టం.

చేర్చేటప్పుడు ఇంటి భాష ఏమిటని ఒక పత్రం ఇస్తారు. భయపడి ఇంగ్లిష్ అని రాయకండి, తెలుగు అనే రాయండి. చిన్న పరీక్ష పెడతారు. ఇంగ్లిష్ చాలకపోతే ప్రత్యేకంగా నేర్పడం బడి బాధ్యత, మీకు ఖర్చు ఉండదు.

అద్దె ఒప్పందం, కరెంటు బిల్లు, పాప జనన ధ్రువపత్రం, టీకాల కార్డు దగ్గర పెట్టుకోండి. స్నేహితుల చిరునామా ఇచ్చి చేర్చే పని మాత్రం వద్దు, బయటపడితే పాపను మధ్యలో తీసేస్తారు. సంతకం పెట్టేముందు మీ ఇంటి నంబరుతో సహా డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో వెతకండి. సరిహద్దు ఒక్కోసారి వీధి మధ్యలోంచి పోతుంది, కొత్త బడి కట్టినప్పుడల్లా మారుతుంది కూడా.