వేట ఇంట్లో సముద్రం చదువు

ప్రశ్న: మాది భైరవపాలెం వైపు, మూడు తరాలుగా చేపల వేటే. అమ్మాయి కాకినాడలో బీఎస్సీ ఆఖరి ఏడాది. వైజాగ్ వెళ్ళి మెరైన్ సైన్స్‌లో ఎమ్మెస్సీ చేస్తానంటోందండి. సముద్రం గురించి మాకు తెలియంది వాళ్ళేం చెబుతారు? పైగా ఉద్యోగం వస్తుందో రాదో అని ఇంట్లో అందరికీ టెన్షన్.
(ఒక తండ్రి)

జవాబు: అన్నగారూ, చేప ఎక్కడ పడుతుందో మీకు తెలుసు, అందులో పేచీ లేదు. అక్కడే ఎందుకు పడుతుందన్నది మీ అమ్మాయి చదవబోయేది. వరదల కాలంలో గోదారి నీళ్ళు సముద్రంలోకి పోయి, ఉప్పునీటి కంటే తేలిక కాబట్టి పైనే పరుచుకుంటాయి, దాంతో పైనీరూ కిందినీరూ సరిగా కలవవు, అడుగునున్న పోషకాలు పైకి రావు. అరేబియా సముద్రంతో పోలిస్తే మన బంగాళాఖాతంలో చేపల మేత తక్కువగా ఉండటానికి ఇదో పెద్ద కారణం. ఫలానా దిక్కున చేపలున్నాయని మీ రేవులకి కబురు వస్తుంది చూశారా, అది ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ వాళ్ళు పంపేది. ఉపగ్రహం చూపించే నీటి వేడినీ, నీటిలో పచ్చదనాన్నీ బట్టి లెక్కగట్టి చెబుతారు. 1999లో పెట్టిన ఆ సంస్థ ఉన్నది హైదరాబాద్‌లో, ఉప్పుగాలి కూడా తగలని చోట!

వైజాగ్ మంచి ఎంపికే. 1952లో లాఫాండ్ అనే అమెరికా శాస్త్రవేత్త ఆంధ్రా యూనివర్సిటీకి వచ్చినప్పటి నుంచీ అక్కడ సముద్ర పరిశోధన ఉంది, జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రమూ ఆ ఊళ్ళోనే. అక్కడి పరిశోధకులు వాడే వల గరాటాలా ఉంటుంది, కన్ను మరీ సన్నం, కొసన చిన్న సీసా. పడవ వెనకాల కాసేపు లాగితే సీసాలో కాస్త మసక నీళ్ళు తప్ప ఏమీ కనపడదు. అందులో ఒక్క చుక్క మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే కాళ్ళాడిస్తూ రొయ్య పిల్లలూ పీత పిల్లలూ!

ఉద్యోగం సంగతి ఉన్నదున్నట్టు చెబుతాను. ఎమ్మెస్సీతో ఆపేస్తే వచ్చేవి ఎక్కువగా ప్రాజెక్టు ఉద్యోగాలే, ప్రాజెక్టు అయిపోతే అవీ అయిపోతాయి. లేదంటే హేచరీలు, రొయ్యల ఎగుమతి కంపెనీల ల్యాబ్‌లు, పర్యావరణ నివేదికలు తయారుచేసే కన్సల్టెన్సీలు. శాస్త్రవేత్తగా స్థిరపడాలంటే నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష రాసి పీహెచ్‌డీ దాకా వెళ్ళాలి. అందులో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే నెలనెలా డబ్బులొస్తాయి, ఖర్చు మీ మీద పడదు. కానీ అన్నేళ్ళు పెళ్ళి మాట ఎత్తకుండా ఉండగలరా? అది తేల్చుకోవాల్సింది మీరు, అమ్మాయి కాదు.

ఎక్కడ చేరినా ముందు ఒకటి అడగమనండి. బ్రోషర్ మీద ఓడ బొమ్మ వేస్తారు కదా, ఆ ఓడ ఎవరిది, ఏడాదికి ఎన్ని రోజులు ఎక్కిస్తారు అని. నీళ్ళు నమలుతున్నారంటే ఇంకో చోటు చూసుకోవడమే.

ప్రశ్న: అల్లవరం దగ్గర మాకు రెండెకరాల వరి. పక్కన రొయ్యల చెరువులు వచ్చాక బోరు నీళ్ళు ఉప్పగా మారాయి. యూనివర్సిటీ వాళ్ళు పరీక్ష చేసి చెరువుల వల్లేనని రాసిస్తారా?

జవాబు: పరీక్ష చేస్తారు, కానీ ఒక్క సీసా నీళ్ళు చూసి ఫలానా వాడిదే తప్పని ఏ ల్యాబూ రాయదు. డెల్టాలో మంచినీరు పల్చని పొరగా ఉప్పునీటి పైన నిలిచి ఉంటుంది, బోరుతో ఎక్కువ తోడితే కింద ఉప్పు పైకి లేస్తుంది. చెరువు ఊట వల్ల కూడా అవ్వచ్చు, రెండూ కలిసీ అవ్వచ్చు. అందుకని చెరువుకి ఆనుకుని ఉన్న బోరు, కాస్త దూరంలోది, బాగా దూరంలోది, మూడింటి నీళ్ళూ ఒకే రోజు పట్టండి, వేసవిలో ఒకసారి, వానలయ్యాక ఇంకోసారి. సీసాని అదే నీళ్ళతో తొలిచి, మూతదాకా నింపి, తేదీ, బోరు లోతు పైన రాయండి. చెరువు దగ్గరవుతున్న కొద్దీ ఉప్పు పెరుగుతోందంటే మీ మాటకి బలం వస్తుంది. తీరప్రాంతపు రొయ్యల చెరువుల మీద 1996లోనే సుప్రీంకోర్టు గట్టి తీర్పు ఇచ్చింది, మీ లాయరు దగ్గర ఆ మాట ఎత్తండి.

ప్రశ్న: మా హైస్కూలు పిల్లల్ని కోరింగ మడ అడవికి తీసుకెళ్ళాలి. ఎప్పుడైతే బాగుంటుంది?
(సైన్స్ టీచర్, తాళ్ళరేవు)

జవాబు: ఆటు సమయంలో. పోటు మీదుంటే బురదలోంచి పైకి లేచే వేళ్ళు నీళ్ళలో మునిగిపోతాయి, పిల్లలకి చెట్లు తప్ప ఏమీ కనపడవు. ఆటుపోట్ల సమయం రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది, బస్సు మాట్లాడేముందు జాలర్లని అడిగి వేళ ఖాయం చేసుకోండి. తెల్లమడ ఆకు మీద ఉప్పు పేరుకుంటుంది, ఎండపూట ఒకాకు అందుకుని చూపించండి.