నోరు తిరగని పేర్ల గురించి

చి. సాహితికి,

నీ నవల మొదటి మూడు అధ్యాయాలు చదివాను. కథ నడక బాగుంది. పేచీ అంతా ఆ కొండజాతికి నువ్వు కల్పించిన భాషతోనే. రాజు పేరు ‘గ్‌ర్‌థ్‌క్’, అతని చెల్లెలు ‘మెలియా’. రాజు భయపెట్టాలని హల్లులు కుప్ప పోశావు, ఆడపిల్ల కదా అని అచ్చులు చల్లావు. ఒకే ఇంట్లో రెండు భాషలెలా వచ్చాయమ్మా?

హల్లులు గుమిగూడితే తప్పని కాదు. జార్జియన్‌లో ‘గ్వ్‌ప్ర్‌త్స్‌క్వ్ని’ అనే క్రియ ఉంది. అచ్చు వచ్చేలోగా ఎనిమిది హల్లులు! కానీ ఊరికే పేర్చినవి కావు. మొదటి ‘గ్వ్’ అంటే ‘మమ్మల్ని’, మిగతాది ధాతువు, ప్రత్యయం. చెక్ వాళ్లు ‘స్త్ర్చ్ ప్ర్‌స్త్ స్క్ర్‌జ్ క్ర్‌క్’ అని ఒక్క అచ్చూ లేకుండా పూర్తి వాక్యం చెప్పేస్తారు. అక్కడ ‘ర్’ అచ్చు పని చేస్తుంది. ఒకసారి విను, మన పెద్దలు ‘ఋ’ని అచ్చుల్లో ఎందుకు కూర్చోబెట్టారో తెలుస్తుంది.

నల్లసముద్రం ఒడ్డున సోచి ప్రాంతంలో ఉబిఖ్ అనే భాష ఉండేది. 84 హల్లులు, రెండే అచ్చులు. పక్కనున్న హల్లును బట్టి ఆ రెండే రకరకాలుగా పలికేవి. 1864లో రష్యా చేతిలో ఓడి ఆ జనం ఆటోమన్ రాజ్యానికి వలస పోయారు. ఆ భాష బాగా వచ్చిన చివరి మనిషి టెవ్‌ఫిక్ ఎసెంచ్ 1992లో టర్కీలో చనిపోయాడు.

హవాయి భాష దీనికి పూర్తిగా ఎదురు. హల్లులు ఎనిమిదే. రెండు హల్లులు కలవవు, మాట హల్లుతో ముగియదు, ‘స’ లేదు, ‘ర’ లేదు. అందుకే మెర్రీ క్రిస్మస్ అక్కడ ‘మెలె కలికిమక’ అయింది. మనం బస్‌ని బస్సు చేయలేదూ? నీకు పనికొచ్చేది ఇదే. ఊళ్లోకి వచ్చిన వ్యాపారి పేరును నీ కొండవాళ్లు ఎలా విరిచి పలుకుతారో ఒక్క సన్నివేశంలో చూపించు. పరిశిష్టంలో పెట్టిన ఆ వర్ణమాల పట్టిక తీసెయ్, ఎవరూ చదవరు.

మన తెలుగునీ కాస్త గమనించు. ‘చాప’లో చ, ‘చెప్పు’లో చ ఒకటి కాదు, వెనకొచ్చే అచ్చు దాన్ని మారుస్తుంది. సంస్కృతం నుంచి వచ్చిన ‘చంద్రుడు’ మాత్రం ఆ మార్పుకు లొంగడు. రాతలో మూడూ ఒకటే కాబట్టి మనకు టెన్షన్ లేదు.

రాజు పేరు ఉంచుకో, ఆ ‘ర్’ అచ్చుగా నిలబడుతుంది. మెలియానీ వదులుకోలేనంటావా, వాళ్లమ్మ ఏదో ద్వీపం నుంచి వచ్చిందని రెండో అధ్యాయంలోనే చెప్పు. ఆ పేరు వాళ్ల నాన్న నోట్లో ఏమవుతుందో కూడా రాయి.

ఆశీస్సులతో,
మాస్టారు